దేశాల తగాదా తీర్చే రచ్చబండ

ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా వస్తే ఊరి పెద్దలున్నారు. వాళ్లవల్ల కాకపోతే మున్సిఫ్ కోర్టు, జిల్లా కోర్టు, హైకోర్టు... మరి రెండు దేశాల మధ్యే గట్టు తగాదా వస్తే? ఆ పంచాయితీ తీర్చడానికీ ఓ చోటుంది. అదే నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న పీస్ ప్యాలెస్. అంటే శాంతి సౌధం!

నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్. కానీ ప్రభుత్వం, పార్లమెంటు ఉండేది హేగ్‌లోనే. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైలెక్కితే గంటలోపే అక్కడికి చేరుకోవచ్చు. ఊళ్లో ట్రామెక్కితే శాంతి సౌధం గేటు దగ్గరే దిగొచ్చు. ఎర్ర ఇటుక, లేత రంగు రాయి కలిపి కట్టిన గోడలు, ఏటవాలు పైకప్పు, ఓ మూల 80 మీటర్ల ఎత్తున గడియారపు బురుజు, ముందు విశాలమైన పచ్చిక... చూడగానే ఏ రాజుగారి కోటో అనిపిస్తుంది. కానీ ఇందులో ఏ రాజూ కాపురం ఉండలేదు. దీన్ని కట్టిందే తగాదాలు తీర్చడానికి.

ఉక్కు సొమ్ముతో...

1899లో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పిలుపు మేరకు 26 దేశాల ప్రతినిధులు హేగ్‌లో సమావేశమయ్యారు. ఆయుధాలు తగ్గించుకుందామన్న మాట తేలలేదుగానీ, ఒక మంచి పని జరిగింది. దేశాల మధ్య గొడవలొస్తే మధ్యవర్తుల ద్వారా పరిష్కరించుకునేందుకు 'శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం' ఏర్పాటైంది. కోర్టయితే వచ్చింది. దానికి తగిన సొంత ఇల్లేదీ?

ఆ ఇంటికి డబ్బిచ్చినాయన ఆండ్రూ కార్నెగీ. స్కాట్లాండ్‌లో ఓ నేతగాడి ఇంట పుట్టి, అమెరికా వెళ్లి, ఉక్కు వ్యాపారంలో కోట్లకు పడగలెత్తిన మనిషి. 1903లో ఆయన 15 లక్షల డాలర్లు ఇచ్చాడు. నమూనాల కోసం పోటీ పెడితే 216 వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కోర్డొనియే నమూనా నెగ్గింది. అయితే అది ఉన్నదున్నట్టు కట్టాలంటే డబ్బు చాలదు. అందుకే కొన్ని బురుజులు తగ్గించారు. 1907లో శంకుస్థాపన చేస్తే 1913 ఆగస్టు 28కి భవనం సిద్ధమైంది. ప్రారంభోత్సవానికి కార్నెగీ స్వయంగా వచ్చాడు.

పెళ్లింటికి చదివింపులొచ్చినట్టు ఈ భవనానికి దేశదేశాల నుంచి కానుకలొచ్చాయి. ఇటలీ పాలరాయి పంపింది. బురుజు మీది గడియారం స్విట్జర్లాండ్‌ది. జపాన్ పంపిన పట్టు అల్లికలు ఓ గది గోడలంతా పరుచుకున్నాయి. వాటి నిండా పూలూ పక్షులే. పెద్ద హాలు కిటికీల రంగుటద్దాలు బ్రిటన్‌వి. రష్యా చక్రవర్తి పంపిన జాస్పర్ రాతి కలశం బరువు మూడు టన్నుల పైమాటే. ఇక ప్రధాన ద్వారానికి ఇనుప గేట్లు చేయించి ఇచ్చింది జర్మనీ.

పదకొండు నెలలకే...

1914 జులై 28న మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. శాంతి సౌధం తలుపులు తెరిచి అప్పటికి సరిగ్గా పదకొండు నెలలు! గేట్లిచ్చిన జర్మనీ ఒకవైపు... అద్దాలిచ్చిన బ్రిటన్, కలశమిచ్చిన రష్యా మరోవైపు. లక్షల ప్రాణాలు పోయాయి. ఇంత ఖర్చుపెట్టి కట్టి ఏం ప్రయోజనమని అప్పట్లో ఎవరికైనా అనిపించి ఉంటే తప్పుపట్టలేం.

అయినా ఆ ఇంటిని పాడుపెట్టలేదు. యుద్ధం ముగిశాక నానాజాతి సమితి కాలంలో, 1922లో, ఇక్కడ శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం పనిచేయడం మొదలుపెట్టింది. 1940లో జర్మన్ సైన్యాలు నెదర్లాండ్స్‌ను ఆక్రమించుకోవడంతో అది జెనీవాకు తరలిపోయింది. 1946లో దాని స్థానంలో ఐక్యరాజ్య సమితి వారి అంతర్జాతీయ న్యాయస్థానం వచ్చింది. సమితి ప్రధాన అంగాల్లో న్యూయార్క్ బయట ఉన్నది ఇదొక్కటే.

ఈ న్యాయస్థానంలో మొత్తం 15 మంది న్యాయమూర్తులు. ఒకే దేశం నుంచి ఇద్దరు ఉండకూడదు. పదవీకాలం తొమ్మిదేళ్లు. వాదనలు ఇంగ్లిషు, ఫ్రెంచి భాషల్లో. ఇక్కడ వాది, ప్రతివాది రెండూ దేశాలే. మనుషుల మీద కేసులు నడవవు. యుద్ధ నేరాలకు పాల్పడ్డ వ్యక్తులను విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కూడా హేగ్‌లోనే ఉండటంతో చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. దాని భవనం వేరు, దాని కథ వేరు.

పోలీసుల్లేని కోర్టు

మన ఊళ్లో కోర్టు తీర్పు చెబితే అమలు చేయడానికి అమీనా ఉంటాడు, పోలీసులుంటారు. ఈ కోర్టుకు వాళ్లెవరూ లేరు. పైగా ఏదో ఒక రూపంలో రెండు పక్షాలూ ఒప్పుకుని ఉంటేనే విచారణ. మరి తీర్పును ఎవరైనా ఎందుకు వింటారు?

వినని సందర్భాలు ఉన్నాయి. నికరాగువా కేసులో 1986లో అమెరికాకు వ్యతిరేకంగా తీర్పు వస్తే, ఆ దేశం ఖాతరు చేయలేదు. ఆలస్యంగా రాజుకున్నవీ ఉన్నాయి. కొండ మీది ప్రీ విహియర్ శివాలయం కంబోడియాదేనని 1962లో తీర్పు వచ్చింది. థాయిలాండ్ అప్పుడు తన బలగాలను వెనక్కి తీసుకుంది. కానీ రెండు దేశాల సరిహద్దులో 2025లో మళ్లీ తుపాకులు పేలాయి. విన్న సందర్భాలూ ఉన్నాయి. అవుజు ప్రాంతం చాద్‌దేనని 1994లో తేల్చగానే, దాని కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన లిబియా కొద్ది నెలల్లోనే సేనలను ఉపసంహరించుకుంది.

మన దేశానికీ ఈ మెట్లు కొత్తకాదు. కులభూషణ్ జాదవ్‌కు పాకిస్థాన్ సైనిక కోర్టు ఉరిశిక్ష వేస్తే భారత్ 2017 మేలో ఇక్కడి తలుపు తట్టింది. పది రోజుల్లోనే ఉరి ఆపాలన్న ఉత్తర్వు వచ్చింది. జాదవ్‌ను కలిసేందుకు మన అధికారులను అనుమతించకపోవడం తప్పేనని, శిక్షను సమీక్షించాలని 2019 జులై 17న తీర్పు వెలువడింది. విడుదల చేయించమన్న కోరికను మాత్రం కోర్టు మన్నించలేదు.

మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో తెలుగువాళ్ల ముద్ర కూడా ఉంది. 2012లో కేరళ తీరంలో ఇటలీ నావికుల కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఆ వివాదాన్ని విచారించిన ట్రైబ్యునల్‌లో భారత్ తరఫున నియమితులైన సభ్యుడు పాటిబండ్ల చంద్రశేఖరరావు. 2018లో ఆయన కన్నుమూశాక ఆ స్థానంలోకి వచ్చింది పెమ్మరాజు శ్రీనివాసరావు.

బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్‌ల సరిహద్దు తేల్చిన ట్రైబ్యునల్‌లోనూ శ్రీనివాసరావు సభ్యుడే. ఆ కేసు వాదనలు 2013 డిసెంబరులో శాంతి సౌధంలోనే జరిగాయి. 1970 తుపాను తర్వాత సముద్రంలో తేలిన ఓ చిన్న దీవి కోసం రెండు దేశాలూ ఏళ్ల తరబడి పంతం పట్టాయి. తీర్పు వచ్చేనాటికి ఆ దీవి నీళ్లలో కలిసిపోయింది కూడా! 2014 జులైలో వచ్చిన తీర్పులో 25,602 చదరపు కిలోమీటర్ల వివాదాస్పద జలాల్లో 19,467 బంగ్లాదేశ్‌కే దక్కాయి. శ్రీనివాసరావు విభేదించి విడిగా తన అభిప్రాయం రాశారు. అయినా భారత్ ఆ తీర్పును మన్నించింది. బలవంతం చేసే పోలీసు లేకపోయినా, బలమున్న దేశమే బలం లేని పొరుగుదేశానికి సముద్రాన్ని వదులుకుంది. 1913లో కట్టినవాళ్లు కోరుకున్నది ఇదే కదా!

చూడాలంటే...

గేటు దగ్గరే సందర్శకుల కేంద్రం ఉంది. భవనం చరిత్రంతా అక్కడ తెలుసుకోవచ్చు. బయట 2002 నుంచి శాంతి జ్యోతి వెలుగుతోంది. దాని చుట్టూ ప్రపంచ దేశాల నుంచి తెచ్చిన రాళ్లు పేర్చారు. ఏ దేశపు రాయి ఎక్కడుందో వెతుక్కోవడం పిల్లలకు సరదా. భవనం లోపలికి గైడు వెంట కొన్ని రోజుల్లోనే పంపిస్తారు. ముందుగా టికెట్టు తీసుకోవాలి. కోర్టులో వాదనలుంటే ఆ సందర్శన ఉండకపోవచ్చు. అంతదూరం వెళ్లి లోపలికి వెళ్లలేకపోయామే అని ఎవరూ బాధపడక్కర్లేదు. లోపల ఏవో రెండు దేశాలు యుద్ధానికి దిగకుండా కాగితాలు పట్టుకుని వాదించుకుంటున్నాయన్నమాట!