నాలుగో వారం

నాలుక క్యాన్సర్ రోగులు వైద్యం మానేసేది మొదట్లో కాదు, చివర్లోనూ కాదు. నాలుగో వారంలో. విశాఖలో రేడియేషన్ వైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఈ లెక్క కంఠతా వచ్చేసింది. సోమవారం పొద్దున్న పేరు పిలిస్తే పలకరు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తుతాడు. "నాన్న బాగా నీరసపడిపోయారండి. కాస్త కోలుకున్నాక తీసుకొస్తాం."

కోలుకున్నాకట!

ముదిరిన నాలుక క్యాన్సర్‌కి వీలైతే ముందు ఆపరేషనే. కోసిన అంచుల్లో జబ్బు మిగిలినా, మెడ గ్రంథి పొర దాటి బయటికి పాకినా ఆ తర్వాత రేడియేషన్ ఒక్కటే చాలదు, కీమో కలపాలి. 2004లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు, ఒకటి యూరప్‌ది, ఒకటి అమెరికాది, ఆ సంగతి తేల్చాయి. ఆపరేషన్‌కి వీలుకానివాళ్లకీ, నాలుక మొదలు దగ్గర గడ్డ వచ్చినవాళ్లకీ ఈ జంట వైద్యమే దిక్కు. వారానికి 5 రోజుల చొప్పున ఆరేడు వారాలు 'కరెంటు' (మా రోగులంతా రేడియేషన్‌ని అలాగే అంటారు), మొత్తం మోతాదు 60 నుంచి 70 గ్రే. మధ్యమధ్య సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. రేడియేషన్ దెబ్బ తిన్న కణం మళ్లీ తనను తాను బాగుచేసుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది.

మూడో వారం దాటేసరికి నోరంతా పూసిపోతుంది. లోపల తెల్లటి పొర కడుతుంది, ఉమ్మి జిగురై తీగలు సాగుతుంది, గుక్కెడు మంచినీళ్లకు కూడా కళ్లనీళ్లు తిరుగుతాయి. గడ్డ కరగడమూ సరిగ్గా అప్పుడే కనిపిస్తుంది. అందుకే కొందరు "ఇంక నావల్ల కాదు" అని మానేస్తే, కొందరు "తగ్గిపోయింది కదా" అని మానేస్తారు. ఇద్దరూ ఒకే బస్సెక్కి ఇంటికి పోతారు.

వాళ్లకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. విరామం ఇస్తే నోరు కోలుకునే మాట నిజమే, క్యాన్సర్ కూడా కోలుకుంటుంది. దాదాపు నాలుగో వారం నుంచే, మిగిలిన క్యాన్సర్ కణాలు మునుపటికంటే వేగంగా పెరగడం మొదలెడతాయి. వైద్యం ఒక్కరోజు సాగదీస్తే గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం జారిపోతుంది. పండగకని వారం ఆగితే ఏం పోగొట్టుకుంటున్నారో మీరే లెక్క వేసుకోండి.

ఒక తాపీమేస్త్రీ అలాగే వెళ్లిపోయాడు. ఖైనీ నమిలీ నమిలీ తెచ్చుకున్న జబ్బు. ఇక్కడ ఆరోగ్యశ్రీలో ఆయనకి పైసా ఖర్చు కాలేదు. ఊళ్లో పసరు పోసేవాడికి మాత్రం భార్య మెడలో పుస్తెలతాడు అమ్మి ఇచ్చాడు. "కరెంటు వల్లే ముదిరింది" అన్నాట్ట ఆ మహానుభావుడు. ఉగాది వెళ్లాక మేస్త్రీ తిరిగొచ్చి, "మిగతావి పెట్టెయ్యండి సార్" అన్నాడు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి అచ్చుపోసినట్టు మాస్కు తయారుచేస్తాం. ఆయన మాస్కు తీసి పెట్టి చూశాం. మెడవాపుకి అది పట్టలేదు. ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలెట్టడానికి ఇదేమన్నా సగం కట్టిన గోడా? ఆ మాట నోటిదాకా వచ్చింది, ఆయన్ని చూసి మింగేశాను.

నొప్పికి మార్ఫిన్ ఉంది, తిండికి ముక్కు గొట్టం ఉంది, పుక్కిలించడానికి ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్లున్నాయి. ఇవన్నీ ఉన్నా దాటించేది మనుషులే. శ్రీకాకుళం వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు. నాలుగో వారంలో రోజూ నన్ను శాపనార్థాలు పెట్టేది. కోడలు మాత్రం వినీ విననట్టు, గంజి వడగట్టి, చేతిమీద వేడి చూసుకుని, సిరంజితో గొట్టంలోకి నెమ్మదిగా వదిలేది. పొలం పనులు పోతున్నా ఒక్కరోజు నాగా పెట్టనివ్వలేదు.

ఆఖరి కరెంటు అయిన రోజున అడిగాను, "చుట్ట సంగతేమిటమ్మా?"

"మానీసినాను బాబూ, అడ్డపొగ మానీసినాను. ఇకమీద నిప్పు బయటికెట్టే కాల్చుకుంతాను."

కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తిట్లు లంకించుకున్నాను.