ఒళ్లు చేసింది, చిక్కింది

నవంబరు 14
తిరుమణి ఊరు దాటాక, శెనక్కాయ పీకేసిన చేలో ఒకటి. బస్సులో పక్కాయన: "ఏం బలిసింది సామీ! ఎవని గొర్రెలో." బలిసింది చలికాలపు బొచ్చు. లోపల ఇరవై కిలోల తోడేలే. చెప్పేలోగా ఆయన ఊరొచ్చింది.

జనవరి 11
గుట్ట వెనక తోడేలు ఈనిందంట. గొర్రెల తాత మాట. కార్తీకంలో జతకట్టుంటే సరిపోతుంది. 63 రోజులు, కుక్కకెంతో దీనికీ అంతే. ఏ గుట్టో చెప్పలేదు. చెప్తే ఎవడో బొక్కకు పొగ పెడతాడు.

జనవరి 30
తల్లి కనబడింది. పక్కటెముకలు, వేలాడే చన్నులు. మగది తిన్నది తెచ్చి కక్కితే ఇది తింటుంది. ఇంట్లో చెప్పాను. కంచం అటు జరిపారు.

మార్చి 2
తాత గొర్రె నడ్డి మీద వేళ్లతో నొక్కి చూశాడు. కండ ఉందంట. తోడేలుకు ఎట్లా చూడాలి?
"నువ్వు పట్టుకో నాయనా, నేను నొక్కుతా."

ఏప్రిల్ 19
సర్కారు తుమ్మ ముళ్లకు బూడిదరంగు పోగులు. తోడేలు వీపంతా పేలికలు పేలికలు. గజ్జి పట్టింది, ఇంక బతకదని ఊళ్లో తీర్పు. గజ్జయితే గోక్కుంటుంది. ఇది గోక్కోలేదు, పడుకుంది.

ఏప్రిల్ 23
తాత మందలో కత్తిరింపు. కూలి ఇచ్చి కత్తిరించిన బొచ్చు గట్టు మీదే పడుంది. కొనేవాడు లేడు. తోడేలుకు కూలి ఖర్చన్నా లేదు.

మే 6
సోలార్ పార్కు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. కౌలు మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000. భూములిచ్చి గొర్రెలమ్మేసినోళ్లు టీ కొట్టు దగ్గర. కొందరికి బొజ్జలొచ్చాయి.
కంచె బయట తోడేలు. సన్నం. నడుము దగ్గర మరీ.

జూలై 8
తోడేలు పిల్లలు. ఒళ్లు తక్కువ, కాళ్లూ చెవులూ ఎక్కువ. చూసినోళ్లు నక్కలన్నారు. మంచిదే.

ఆగస్టు 17
1972 వన్యప్రాణి చట్టంలో తోడేలుది మొదటి షెడ్యూలు. పులి ఉన్న జాబితాయే. పులికి రోడ్డు పక్కన బోర్డు కూడా ఉంటుంది.

సెప్టెంబరు 26
నాలుగు చినుకులు పడ్డాయి. కుందేళ్లు, ఎలుకలు బాగానే ఉన్నాయి. తోడేలు వీపు మీద పేలికలు పోయి కొత్త బొచ్చు. గజ్జి తీర్పు ఇచ్చినాయన కాలిమడమ పట్టేసి మంచంలో ఉన్నాడు.

అక్టోబరు 10
ఒక ఆఫీసులో తోడేలు గురించి ఫారం. ఒంటి స్థితి: బాగు, ఓ మోస్తరు, బాగలేదు. నెల రాయడానికి గడి లేదు. ఏప్రిల్ ఫొటో చూపించాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.
"కుక్క కాదు కదా?"