రెండు చుక్కల ఎరుపు

కొండపల్లి నుంచి మా బాబాయిని బోన్ స్కాన్‌కి బెజవాడ తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళుగా తెల్లపొణికి బొమ్మలకు రంగులేస్తున్న మనిషి. ఆరు నెలలుగా వెన్ను నొప్పి. ఆయన్ని పిలిచేలోపు, ముందే అనుమతి అడిగి ఉంచాను కనక, సీసపు అద్దం ఇవతల నిలబడి మందు తయారయ్యే గది చూశాను.

బల్ల మీద జనరేటర్. మన దేశంలో వీటిని నవీ ముంబయి వాషిలోని బ్రిట్ సంస్థ తయారుచేస్తుంది. లోపల అల్యూమినా పొడి నింపిన చిన్న గొట్టం, ఆ పొడికి పట్టుకుని మాలిబ్డినం-99. అది 66 గంటలకు సగమవుతూ టెక్నీషియం-99ఎం అవుతుంది. సెలైన్ పంపితే టెక్నీషియం దిగివస్తుంది, మాలిబ్డినం పొడిలోనే ఉండిపోవాలి. ఈ పెట్టెను ఆవు అంటారు, పొద్దున్నే పితుకుతారు.

దాంతోపాటు ఇంకేం దిగింది? నన్ను కదలనివ్వనిది ఆ పరీక్షే. టెక్నీషియన్ అమ్మాయి ఇండికేటర్ కాగితం మీద రెండు చుక్కలు పెట్టింది. ఒకటి మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల అల్యూమినియం ఉన్న నమూనా ద్రావణం, రెండోది అప్పుడే పితికింది. నమూనా ఎర్రబడింది. రెండోది దానికంటే లేతగా ఉండాలి. లేకపోతే ఆ వయల్ వాడరు. పొడిలోంచి అల్యూమినియం ఎక్కువగా దిగితే మందు సన్నని రేణువులుగా ముద్దకట్టి, ఎముకలకు చేరాల్సింది కాలేయంలో చిక్కుకుంటుంది. డాక్టరు చూసే బొమ్మే తప్పయితే ఇక వైద్యం సంగతేమిటి?

మాలిబ్డినం కోసం వయల్‌ని సీసపు డబ్బాలో పెట్టి కొలుస్తారు. టెక్నీషియం కిరణాలను సీసం ఆపుతుంది, మాలిబ్డినంవి దాటుకొస్తాయి. అది ఒంట్లోకి వెళితే రోగికి అక్కర్లేని రేడియేషన్. టెక్నీషియం 6 గంటలకే సగమవుతుంది కనక దాని పక్కన మాలిబ్డినం వాటా గంటగంటకూ పెరుగుతుంది. పొద్దున నెగ్గిన వయల్ సాయంత్రానికి నెగ్గకపోవచ్చు.

బయట బెంచీల మీద ఎంతమంది ఉన్నా ఈ పరీక్షలు మానకూడదు. ఆ బెంచీ మీద మా బాబాయి ఉన్నాడు, నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

సూది వేశాక మూడు గంటలు ఆగమన్నారు. నీళ్ళు తాగుతూ బాబాయి అంతా విన్నాడు.

"తడి మీద చూశారా, ఆరాక చూశారా? తడి ఎరుపు వేరు, ఆరిన ఎరుపు వేరు."

నేనది అడగలేదు. మళ్ళీ లేచి వెళ్ళాను.

"రెండు చుక్కలూ పక్కపక్కనే, ఒకేసారి పెట్టి చూస్తామండీ. బాబాయి గారికి చెప్పండి," అందా అమ్మాయి.