పడమటి ఎండ, మొదటి వారం

పన్నెండేళ్ల కిందట హైదరాబాద్‌లో నేను గీసిన ఒక ఆఫీసుకు పడమటి ముఖమంతా అద్దమే. కట్టాక ఒక మే నెల సాయంత్రం వెళ్లాను. అద్దాలకు లోపల్నుంచి చార్టులు అతికించేశారు. పట్టపగలే ట్యూబులైట్లు వేసుకుని, ఏసీలు పూర్తిగా పెంచుకుని పనిచేస్తున్నారు. ఆ వేడికి నా గీతే కారణమని అప్పుడు అర్థమైంది.

అప్పట్లో ప్లాను, ఎలివేషన్ ఖరారయ్యాకే ఏసీ ఇంజినీరు దగ్గరకు వెళ్లేవాళ్లం. లోపలికొచ్చే వేడికి తగ్గ టన్నులు లెక్కగట్టడం తప్ప ఆయన చేయగలిగిందేమీ ఉండేది కాదు. ఇప్పుడు మొదటి వారంలోనే బిమ్‌లో (భవనాన్ని కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టే పద్ధతి) కిటికీలు కూడా లేని మాస్ మోడల్ పెట్టి, దానికి ఊరి వాతావరణ ఫైలు జోడిస్తాను.

మొన్న ఆఫీసు కట్టించుకుంటున్న ఒక పెద్దాయన, రోడ్డు పడమరన ఉంది కనుక అద్దం అటే కావాలన్నారు. మోడల్‌లో మే 15, సాయంత్రం 4 గంటలు పెట్టి చూపించాను. సూర్యుడు దాదాపు 36 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. రెండడుగుల సన్‌షేడ్ నీడ అద్దం మీద అడుగున్నర దిగి ఆగింది. మిగతా ఎండంతా బల్లల మీదే.

"సన్‌షేడ్ నాలుగడుగులు చేస్తే సరిపోదా అమ్మా?" అన్నారు.

చేసి, గడియారం 5 గంటలకు జరిపాను. నీడ రెండడుగులు కూడా దిగలేదు. ఆయన కాసేపు తెర వంకే చూసి, "అయితే తిప్పు" అన్నారు.

పొడవు ముఖాలను ఉత్తర దక్షిణాలకు తిప్పాం. లిఫ్టు, మెట్లు, టాయిలెట్లు పడమటి గోడకు చేర్చాం. దక్షిణాన డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కాబట్టి అక్కడ సన్‌షేడ్ పనిచేస్తుంది. భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ 2017 కిటికీలకు గోడ వైశాల్యంలో 40 శాతం దాకా ఒప్పుకుంది. ఆ 40 ఏ దిక్కున పెడతామన్నదాని మీదే కరెంటు ఖర్చు ఆధారపడుతుంది.

జూనియర్లకు రెండు మాటలు చెబుతాను. మోడల్‌లో గోడల మధ్య సందు మిగిలితే సాఫ్ట్‌వేర్ ఆ గదిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. అప్పుడు వేడి తక్కువగా కనిపించి మోసపోతాం. అందుకే ముందు విస్తీర్ణం చేత్తో కూడి సరిచూడాలి. ఇక మోడల్ లెక్కలో వచ్చిన అంకె రేపటి కరెంటు బిల్లు కాదు. మనుషుల సంఖ్య, పని గంటలు అప్పటికి అంచనాలే. అవే అంచనాలతో రెండు డిజైన్లను పోల్చి, మంచిది ఎంచుకోవడానికే ఆ అంకె.

ఏసీ ఇంజినీరును ఇప్పుడు మొదటి మీటింగుకే పిలుస్తున్నాను.