తీగచుట్ట

పల్లెటూరి యింటిలో ఒక్క జల్లెడతో సంసారము గడువదు. పిండి జల్లించుటకు సన్నకన్నుల జల్లెడ, నూకలు వేరుచేయుటకు కొంచెము పెద్దకన్నులది, ఇల్లు కట్టునపుడు ఇసుకకు ఇంకను పెద్దకన్నులది కావలసియుండును. పిండిజల్లెడలో ఇసుక పోసినవాడును, ఇసుకజల్లెడలో పిండి పోసినవాడును సమానముగనే నవ్వులపాలగుదురు. అయినను సంతకు పోయి, అన్నిపనులకును పనికివచ్చు జల్లెడ ఒక్కటి యిమ్మని అడుగువారు ఎల్లకాలమును ఉన్నారు. వారి యాశను తప్పు పట్టుటకు వీలులేదు. చేతిలోని డబ్బు ఒక్కదానికే చాలునపుడు ఆ యొక్కటి యేది యనునది నిజమైన ప్రశ్నయే.

నేలలోని లోహములను వెదకు యంత్రము విషయమునను ఇదే ప్రశ్న పుట్టినది. మన రైల్వేస్టేషనులలోను, పెద్ద దేవాలయముల ద్వారములయందును కావలివారు మనుష్యులను తడవి చూచు లోహశోధక యంత్రమును మీలో పెక్కుమంది చూచియేయుందురు. దానికి దాయాది యైన యంత్రము ఒకటి కలదు. పొడవైన కఱ్ఱ, దాని నడుమ చిన్న పెట్టె, క్రింది కొనయందు పళ్లెమువంటి బిళ్ల. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములందు ఎందరో జనులు సెలవుదినములలో దీనిని చేతబట్టి, చెవులకు శ్రవణయంత్రమును తగిలించుకొని, దున్నిన చేలలోను సముద్రతీరములందును తిరుగుచుందురు. అట్టివారు ఇద్దరు కలసినచో మాటలు ఎక్కడ మొదలైనను కడకు ఆ పళ్లెము దగ్గరకే వచ్చి చేరును. ఆ పళ్లెములో నున్నది తీగచుట్ట. చుట్ట యనగానే తాతగారి నోటిలోని పొగచుట్ట స్ఫురించుట సహజమే కాని, ఇది రాగితీగను వలయాకారముగ చుట్టిన చుట్ట. యంత్రమునకు కన్నును, చెవియును ఇదియే. పైనున్న పెట్టె యెంత వెలగలదైనను, ఈ చుట్టకు తెలియని సంగతి దానికి తెలియదు.

దీని పని తీరు వినసొంపైనది. పళ్లెములో సాధారణముగ రెండు చుట్ట లుండును. ఒక చుట్టలో దిశ మార్చుకొనుచు విద్యుత్తు ప్రవహించుటచేత దాని చుట్టును, నేలలోనికిని అయస్కాంతక్షేత్రము వ్యాపించి, సెకనునకు వేలసార్లు మారుచుండును. ఆ క్షేత్రములో ఒక నాణెము పడినదనుకొనుడు. దానిలో నీటిసుడులవలె చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ సుడులు తమదైన చిన్న అయస్కాంతక్షేత్రమును తిరిగి పంపును. ఆ మారుపలుకును పట్టుటకే రెండవ చుట్ట. మొదటి చుట్ట పెట్టు పెద్దకేకలో ఈ సన్నని మారుపలుకు మునిగిపోకుండ, ఆ కేక రెండవదానికి ఏమాత్రము వినబడని తీరున రెండింటిని నిపుణముగ అమర్చుదురు. ఈ అమరికలోనే చుట్టలకు జాతిభేదము లేర్పడినవి.

కాని మొదట పరిమాణమును గూర్చి చెప్పవలెను. క్రొత్తగా యంత్రము కొన్నవాడు చేయు మొదటి పొరపాటు, పెద్దచుట్ట మేలైనదని నమ్ముట. అది లోతుగ చూచుననుట అబద్ధము కాదు. మంచినేలలో ఒక నాణెమంతటి వస్తువు, చుట్టయొక్క అడ్డుకొలత ఎంతయో సుమారుగ అంతలోతున దొరకునని అనుభవజ్ఞు లందురు. అట్లయిన పదునైదంగుళముల చుట్టను తగిలించి అందరికంటె లోతుగ వెదకరాదా? ప్రకృతి అంత చౌకగ లొంగదు. పెద్దచుట్టయొక్క బలము విశాలమైన చోట పరచుకొనుటచే, గోటియంతటి చిన్నవస్తువునకు తగిన బలము చేరదు. పెద్దకన్నుల వలలో చిన్నచేప నిలువనట్లే, పెద్దచుట్టకు సన్నని వెండినాణెము తప్పిపోవచ్చును. ఇదియునుగాక ఒకే వలయము క్రింద నాలుగైదు వస్తువులు పడినచో, తుప్పుపట్టిన మేకులును మంచి నాణెమును ఒకే గోలగ వినవచ్చును. అయిదారంగుళముల చిన్నచుట్ట ఈ విషయమున దిట్ట. మేకులనడుమ నక్కిన నాణెమును వేరుచేసి చూపును. కాని దాని చూపు లోతునకు పోదు. ఒక ఎకరము నేలను దానితో పూర్తిచేయుట, గరిటెతో చెఱువు తోడుటయే.

లోతును గూర్చి ఇంకొకమాట. చుట్టకు చాలదూరమున నున్న చిన్నవస్తువు విషయమున, దూరము రెట్టింపైనచో దానియొద్దకు పోవు క్షేత్రము ఎనిమిదవ వంతగును. అది తిరిగి పంపు మారుపలుకు వచ్చు దారిలో మరల ఎనిమిదవ వంతగును. ఎనిమిది ఎనుమిదులు అరువదినాలుగు. రెట్టింపు దూరమునకు మారుపలుకు అరువదినాలుగవ వంతు మాత్రమే! విద్యుత్తును రెట్టింపు చేసినను లోతు పెరుగుట బెత్తెడైనను ఉండకపోవుటకు కారణ మిదియే. ఎంత లోతుననైనను నిధిని చూపుదునని చెప్పి యంత్రము లమ్మువానిని ఈ లెక్క యొక్కటి అడిగిన చాలును.

ఇక జాతిభేదములు. పెద్దవలయములోపల చిన్నవలయమును ఒకే కేంద్రముగ అమర్చినది మొదటిజాతి. దీని చూపు గరాటువలె నుండును. పైన వెడల్పు, క్రిందికి పోనుపోను సన్నము. వస్తువు సరిగా గరాటుకొనక్రిందికి వచ్చినపుడు మ్రోత గట్టిగ వినబడును గనుక గుంటను గుఱిదప్పక త్రవ్వవచ్చును. అయితే వెదకువాడు ప్రక్కప్రక్కన రెండుసార్లు ఊపినపుడు నడుమ లోతున కొంత నేల చూడబడకయే మిగిలిపోవును. రెండవజాతిలో ఇంగ్లీషు డి అక్షరమువంటి చుట్టలు రెండు, వీపును వీపును ఆనించినట్లుగ, అంచు లొకదానిపై నొకటి కొంచెము ఎక్కియుండును. దీనిని డబుల్ డి చుట్ట యందురు. దాని చూపు గరాటు కాదు, ముందునుండి వెనుకకు నిలువుగ దించిన కత్తిరేకు. ఊపిన ప్రతిసారియు కత్తి నేలను కోసికొనిపోవునట్లు వెదకును. దీనికి గల పెద్దగుణము వేరొకటి. నేలయే లోహమువలె మాటలాడుచోట్ల ఇది తక్కువగ మోసపోవును.

నేల మాటలాడుట యేమని మీకు సందేహము కలుగవచ్చును. మన యెఱ్ఱనేలల యెఱ్ఱదనమునకు కారణము ఇనుముయొక్క ఆక్సైడులే. ఇట్టి ఇనుపఖనిజములు, ముఖ్యముగ అయస్కాంతగుణము గలవి, దట్టముగ కలసిననేల యంత్రమునకు ఎడతెగక సంకేతము నిచ్చుచునే యుండును. ఆ గోలలో నాణెముయొక్క గొంతు వినబడదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా ప్రాంతపు బంగారునేలలు ఇట్టివని పేరుపడినవి. తడిసిన ఉప్పుటిసుకకు వేరొక దోషము కలదు. ఉప్పునీరు విద్యుత్తును తానే పోనిచ్చును. కావున విశాలమైన చుట్ట మంచినేలలో గెలిచినంత సులభముగ చెడ్డనేలలో ఓడును. అది నాణెముతోపాటు నేల నంతటిని వినును గదా!

చుట్టుప్రక్కల నున్నది చుట్టను మోసగించుట కొందఱకు వేడుక. ఒకసారి అది ప్రాణముమీదికి వచ్చినది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును వాషింగ్టన్ రైల్వేస్టేషనులో ఒక దుండగుడు తుపాకితో కాల్చెను. తూటా వీపున దూరి శరీరములో నెక్కడనో నిలిచెను. రోగి శరీరములోనికి చూడగల ఎక్స్‌కిరణములు అప్పటికి లేవు. అవి పదునాలుగేండ్ల తరువాత, 1895లో కనుగొనబడినవి. వైద్యులు గాయములో వ్రేళ్లు దూర్చి వెదకిరి. అపుడు టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ ముందుకు వచ్చెను. తీగచుట్టలకు టెలిఫోనును జతచేసినచో లోహము దగ్గరకు వచ్చినపుడు చెవికి ధ్వని వినబడునని ఆయన యెఱుగును. రాత్రింబవళ్లు శ్రమించి పరికరమును సిద్ధముచేసెను. యుద్ధములో తగిలిన తూటాలను ఒడలిలో మోయుచున్న పాతసైనికులపై పరీక్షించెను. అది పలికెను.

జూలై 26న అధ్యక్షుని పడకయొద్ద చేసిన తొలిప్రయత్నము పరికరములోని ఒక లోపముచే నిష్ఫలమయ్యెను. ఆగస్టు 1న బెల్ మరల వచ్చెను. ఈసారి ధ్వని వినబడెను. కాని ఒక్కచోట కాదు, విశాలమైన భాగమంతటను సన్నగ వినబడెను. ఆయన కేమియు తోచలేదు. రోగి పరుండిన పఱుపుక్రింద ఉక్కుతీగలతో అల్లిన మరియొక పఱుపు కలదని ఆయనకు తరువాతనే తెలిసినది. ఆ మూలను నిలిచి విన్న బెల్ మనస్సు ఎట్లుండెనో ఊహింపవచ్చును. చెవిలో లోహము పలుకుచున్నది, అది ఏ లోహమో తెలియదు, ఎదుట ఒక మనుష్యుడు క్షీణించుచున్నాడు. వైద్యులు తూటా కుడివైపున నున్నదని నమ్మి ఆ వైపునే వెదకనిచ్చిరి. సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించెను. శవపరీక్షలో తూటా ఎడమవైపున దొరకెను. పరికరము చెడ్డది కాదు. ఎక్స్‌కిరణములు వచ్చువఱకు వైద్యులు గాయపడినవారి ఒడలిలోని తూటాలను వెదకుటకు దానిని వాడుకొనిరి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున యోజెఫ్ కొసాకి యను పోలెండు సైనికాధికారి స్కాట్లండులో నుండి, 1941లో, భూమిలో పాతిన మందుపాతరలను కనిపెట్టు యంత్రమును రూపొందించెను. ఒక మనుష్యుడు మోయగల కఱ్ఱకు చుట్టలను అమర్చిన యంత్ర మది. దానిపై పేటెంటు తీసికొనక బ్రిటిష్ సైన్యమునకు ఊరకయే యిచ్చెను. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ ఎడారియుద్ధమునందు దాదాపు ఐదువందల యంత్రములు ముందునడచినవి. నాణెము తప్పినచో నష్టము నాణెమే. అచ్చట ఒక్క మ్రోత తప్పినచో కాలో, ప్రాణమో పోవును. నేటి పాతరలలో కొన్నిటియందు లోహము గుండుసూదియంత మాత్రమే యుండుటచే, వానిని వెదకువారికి లోతుకంటె చిన్నవస్తువును వదలని సూక్ష్మతయే ముఖ్యము.

మరి, ఒక్కచుట్టయే కొనగలవాని గతి యేమి? పదేండ్లుగ చేలలో తిరిగినవారు చాలమంది చెప్పు సమాధానము, తొమ్మిది మొదలు పదునొకండు అంగుళములవఱకు గల డబుల్ డి చుట్ట. ఇది దేనియందును మొదటిది కాదు. పెద్దచుట్టయంత లోతు చూడదు, చిన్నచుట్టవలె మేకులనడుమ దూరలేదు, గరాటుచుట్టవలె గుఱిని సూటిగ చూపదు. కాని ఏ నేలలోను పూర్తిగ చేతులెత్తివేయదు. కొందఱు దీనిని కోడిగ్రుడ్డు ఆకారమున చేయించుకొందురు. కోసిన పంట మోళ్లనడుమ దూర్చుటకు అది అనుకూలము. చాల యంత్రములను తయారుచేయువారే వానితో ఇట్టి మధ్యరకపు చుట్టనే యిచ్చుట గమనింపదగినది. క్రొత్తవాడు పెద్దచుట్టకై డబ్బు వ్యయము చేయుటకు ముందు దీనితో ఒక సంవత్సరము తిరిగిన మంచిది. ఒక యంత్రమునకు చేసిన చుట్ట వేరొకదానికి సాధారణముగ సరిపడదు గనుక తొందరపడి కొనినవాడు దానిని గోడకు తగిలించుకొనవలసివచ్చును. బరువుసంగతి అంగడిలో ఎవరికిని స్ఫురింపదు. కఱ్ఱచివరనున్న నూఱుగ్రాముల బరువు ఉదయమున బరువే కాదు. మధ్యాహ్నమునకు భుజము దానిని ఎఱుగును. భుజము నొచ్చినవాడు ఊపుకొనలో చుట్టను పైకెత్తును. ఎత్తినయెడల బెత్తెడు లోతు గాలికి పోయినట్లే. మేలైన చుట్టను గాలిలో ఊపువానికంటె మధ్యరకపు చుట్టను నేలనంటి నెమ్మదిగ నడపువాడే ఎక్కువ కనుగొనును.

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతమునందు హాక్స్‌న్ అను చిన్నగ్రామము కలదు. 1992 నవంబరు 16న ఒక రైతు తన పొలములో పోగొట్టుకొనిన సుత్తిని వెదకిపెట్టుమని ఎరిక్ లాస్ అను స్నేహితుని కోరెను. లాస్ తోటపని చేసి విశ్రాంతి పొందిన వృద్ధుడు. ఆయన యంత్రము పలికెను. త్రవ్వగా వెండిచెంచాలు, బంగారునగలు, నాణెములు వెలువడసాగినవి. అంతట ఆయన చేసిన పని విశేషమైనది. త్రవ్వుట మానివేసెను. అధికారులకు కబురు పంపెను. మరునాడు పురావస్తుశాఖవారు వచ్చి నేలను పొరపొరగ తీయగా, ఓక్ చెక్కపెట్టె జాడలును, దానిలో వస్తువులు సర్దియుంచిన వరుసయును బయటపడినవి. రోమను సామ్రాజ్యపు చివరికాలమునాటి నాణెములు దాదాపు పదునైదువేలు! వానితో మిరియాలపొడి చల్లుకొను వెండిపాత్రలు నాలుగు కలవు. ఒకటి స్త్రీమూర్తి రూపముననున్నది. మిరియము మన మలబారుతీరమునుండి ఓడలపై రోమనులకు పోయినదే. వంటయింటి డబ్బాలోని మిరియపుగింజకు ఇంగ్లండు పొలములో ఇట్టి చుట్టఱికము తేలినది.

లాస్ ఆత్రముతో త్రవ్వియున్నచో వస్తువులు మిగిలెడివే కాని, ఆ సర్దుబాటు వరుస మిగిలెడిది కాదు. 1878 నాటి మన నిక్షేపచట్టము ప్రకారము కూడ నిధి దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. ఆయనకు లభించిన బహుమానము పదునేడులక్షల ఏబదివేల పౌనులు. అందులో భాగమిమ్మని ఆనాటి చట్టము విధింపకపోయినను, ఆయన రైతుతో పంచుకొనెను. ఆ వస్తువులు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. రైతు పోగొట్టుకొనిన సుత్తియు దొరకినది. దానిని కూడ ఆ మ్యూజియమునకే యిచ్చిరి.