చెవికి దొరికిన పిట్ట

గిద్దలూరు దాటి నంద్యాల దారి పట్టి దిగువమెట్ట చేరేసరికి నల్లమల మొదలవుతుంది. ఆ అడవిలో పిట్టల్ని కళ్ళతో వెతికేవాడికి మిగిలేది మెడనొప్పి. ఆకు దట్టం, పిట్ట చిన్నది. చెవిని నమ్ముకోవడమే మేలు.

కొన్ని తేలికగానే పట్టుబడతాయి. పొదలోంచి ‘కూప్ కూప్’ అని లోగొంతు మోగిందా, జెముడు కాకి. ఎండ ముదిరినా ఆపకుండా, రేకు మీద సుత్తి పడ్డట్టు ‘టుక్ టుక్’ మంటే కంసాలి పిట్ట. పచ్చగా ఉండి ఆకుల్లో కలిసిపోతుంది గనక, దాన్ని ఏళ్ళ తరబడి విన్నవాళ్ళలోనూ చూసినవాళ్ళు తక్కువే. మనిషి అలికిడి తగలగానే లేచి గోల పెట్టేది తీతువు. అపశకునమని తిడతాం గానీ, పాపం, గుడ్లు నేల మీదే పెట్టుకున్న తల్లి కంగారు అది.

తోక చివర రెండు ఈకలు వేలాడే పెద్ద ఏట్రింతతోనే తంటా. నల్లటి ఆ మాయదారిది డేగలాగా కూస్తుంది, ఇంకో పిట్ట బెదురు కూతనూ ఎత్తుకుంటుంది. ఫోన్లో మెర్లిన్ లాంటి ఆప్ తెరిచి పడితే కూసిన పిట్ట పేరు చెబుతుంది, నిజమే. ఈ పగటివేషగాడి దగ్గర మాత్రం చూసి నమ్మాలి. గొర్రెల కాపరికి పేర్లతో పనిలేదు. నెమళ్ళూ కొండముచ్చులూ ఒక్కసారిగా అరిస్తే మందను మళ్ళించుకుంటాడు. నా ఓటు అతనికే.

ఇక్కణ్ణుంచి దక్షిణంగా, పోరుమామిళ్ల మీదుగా బద్వేలు వైపు వెళితే లంకమల. కలివి కోడి సీమ అది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక, ఇక లేదనుకున్న ఆ పిట్టను 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. రాత్రిపూట తిరిగే పక్షి, పొదల రంగులోనే ఉంటుంది. అందుకే తర్వాతి పరిశోధకులు దాని కూతను రికార్డు చేసి, మునిమాపువేళ వినిపించి, బదులు వస్తుందేమోనని చెవి ఒగ్గారు. (ఫొటో కోసం ఫోన్లో కూతలు మోగించి గూడు పెట్టుకునే పిట్టల్ని సతాయించేవాళ్ళు దీన్ని సాకుగా తీసుకోవద్దు.) పొద్దు గుంకిన ముప్పావు గంటకు అది కూత మొదలుపెడుతుంది, కాసేపట్లోనే ఆపేస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కనున్నాయన తుమ్మాడా, ఇక రేపటి దాకా ఆగాల్సిందే.