అర్ధవీడులో తోడు

కంభంలో అర్ధవీడు ఆటో ఎక్కి అరగంట కూర్చున్నాను. మనుషులు నిండందే బండి కదలదు. పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయన డ్రైవరుతో ఉర్దూలో బేరమాడి, వెంటనే నావైపు తిరిగి తెలుగులో వానల సంగతి ఎత్తుకున్నాడు. నా సంచిలో ఒక మందుల డబ్బా ఉంది. హైదరాబాదులో ఉండే మిత్రుడు వాళ్లమ్మకు పంపించాడు. "ఈమధ్య పేర్లు మర్చిపోతోంది. ప్రోబయోటిక్ వాడితే జ్ఞాపకశక్తి నిలబడుతుందట, ఇచ్చి రా" అన్నాడు.

నల్లమల పంచన ఉన్న ఊరు అర్ధవీడు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టే దాకా ఈ వైపంతా కర్నూలు జిల్లాలోదే. మాటలో ఆ యాస ఇంకా పోలేదు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల కదా, ఆ కాకర్ల ఈ మండలంలోనే ఉంది. అయితే ఇక్కడ ఎవరిని పలకరించినా పాటల ఊసు రాదు, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల ఊసే వస్తుంది.

అవ్వకు, అంటే మిత్రుడి వాళ్లమ్మకు, డెబ్బై దాటాయి. ముగ్గురు పిల్లలు మూడు నగరాల్లో. నేనెవరో పూర్తిగా చెప్పకముందే చెంబెడు మజ్జిగ చేతిలో పెట్టింది. ఒక్క గుక్కకు పళ్లు పులిసిపోయాయి.

"పుల్లగుందా నాయనా? ఎండాకాలం గదా, తొందరగా పులిసిపోద్ది."

డబ్బా ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, దీంట్లో ఏముందని అడిగింది.

"బతికున్న సూక్ష్మజీవులవ్వా. పాలను పెరుగు చేస్తాయే, ఆ బాపతువే."

"అంటే తోడేగా! ఎంతంట?"

ధర చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తోడు కొనుక్కుంటారా యాడన్నా?"

ఆ నవ్వుకు నా దగ్గర సగం జవాబే ఉంది. తగినంత మోతాదులో తీసుకుంటే మేలు చేసే సజీవ సూక్ష్మజీవులను ప్రోబయోటిక్స్ అనాలని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ పిలిపించిన నిపుణులు తేల్చారు. డబ్బా మీదైతే ఏ రకం, ఎన్ని కోట్లు అని అచ్చువేసి ఉంది. అవ్వ చెంబులో ఏవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ ఇంటి పెరుగు వేరు, పక్కింటి పెరుగు వేరు.

పులిసిన పాలకూ దీర్ఘాయుష్షుకూ ముడిపెట్టి పేరు తెచ్చినవాడు పారిస్‌ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్. 1908లో నోబెల్ అందుకున్నాడు గానీ అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. బల్గేరియా పల్లెల్లో ముసలివాళ్లు అంతకాలం బతకడం పెరుగు చలవేనని నమ్మి తానూ రోజూ తాగాడు. 71 ఏళ్లకు పోయాడు.

మతిమరుపు దగ్గరికి ఈ సంగతి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇరాన్‌లో 60 మంది అల్జీమర్స్ రోగుల్లో సగం మందికి 12 వారాలు రోజూ 200 మిల్లీలీటర్ల ప్రోబయోటిక్ పాలు, మిగతా సగానికి మామూలు పాలు ఇచ్చి చూశారు. మొదటివాళ్లకు జ్ఞాపక పరీక్షలో మార్కులు పెరిగాయని 2016లో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత, జబ్బు బాగా ముదిరినవాళ్లకు క్యాప్సూల్స్ ఇచ్చి చూస్తే పెద్ద తేడా లేదు. 60 మంది, 12 వారాలు! మా మిత్రుడి డబ్బా ఇంత పలచటి పునాది మీద అంత పెద్ద మాట చెబుతోంది.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించింది అవ్వ చెప్పిన పాత తిండి. "అప్పట్లో గంజి పారబోసేవాళ్లమా? కుండలో పోసి పులియబెట్టి, తెల్లారి దాంట్లో అన్నం పిసుక్కొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటా తాగి చేలోకి పోయేవాళ్లం. ఇప్పుడు కుక్కరొచ్చె. గంజే లేకపాయె." కొర్రలు, సద్దలు తిన్న రోజులు కూడా చెప్పింది. పేగులోని సూక్ష్మజీవులకు పీచే మేత. 2024లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు అరవై దాటిన 36 జతల కవలలను తీసుకుని, జతలో ఒకరికి పీచు పొడి ఇచ్చారు. 12 వారాలకు వాళ్లు జ్ఞాపక పరీక్షల్లో మెరుగయ్యారు, కాళ్ల సత్తువలో మాత్రం తేడా రాలేదు. కొర్రన్నం వదిలేసి పొడి కొనుక్కునే రోజులివి.

మిత్రుడికి ఏదో ఒకటి చెప్పాలి గదా. డాక్టర్లు చేసినట్టు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాను: చింతచెట్టు, బస్సు, గొర్రె. కాసేపు కోడళ్ల కబుర్లు అయ్యాక అడిగాను.

"చింతచెట్టు, బస్సు, కొర్ర."

ఇది మరుపా, చెవుడా? డెమెన్షియా ముప్పును తగ్గించుకోవడానికి వీలున్న అంశాలను 2024లో లాన్సెట్ కమిషన్ 14గా లెక్కేసింది. వాటిలో వినికిడి లోపం ఉంది, ఒంటరితనం ఉంది. పెరుగు లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డెమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఇంకో సంగతి చెప్పింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, చదువు లేనివాళ్లలోనూ ఈ తేడా ఉంది. ఆటోలో పెద్దాయన గుర్తొచ్చాడు.

మిత్రుడికి ఫోన్ చేసి, ముందు అమ్మ చెవులు చూపించు, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించు, డబ్బా సంగతి తర్వాత అన్నాను. తెప్పించిన డబ్బా వృథా అవుతుందేమోనని వాడి దిగులు.

పొద్దు వాలింది. అవ్వ పాలు కాచి దించి, చిన్న గిన్నె పట్టుకుని లేచింది. దీపాలు పెట్టినాక తోడు ఎవరూ ఇయ్యరని తొందర. ఉట్టి కింద గిన్నెలో పొద్దుటి పెరుగు నాకు కనబడుతూనే ఉంది.

"ఇంట్లో ఉందిగా అవ్వా?"

"ఉందిలే" అంటూ గడప దాటింది.

పక్కింట్లోంచి మాటలు, మధ్యలో నవ్వులు. ఆటో హారన్ రెండుసార్లు మోగింది. పాలు చల్లారిపోతున్నాయి. అవ్వ ఇంకా రాలేదు.